పూలి సాలు

నా నోరు మంచిది కాదు. ఈ మాట మా అత్తగారు బతికుండగా అనేవారు, మా ఆయన ఉదయ్ భాస్కర్ ఇప్పటికీ అంటారు. అనడానికి అందరికంటే ఎక్కువ హక్కున్న మనిషి పూలి. ఆమె మాత్రం ఒక్కసారీ అనలేదు. అందుకే ఆమె గురించి నేనే రాయాలని కూర్చున్నాను.

ఏన్కూరు దగ్గర మాకు నాలుగెకరాల మిర్చి ఉంది. మా తాతగారి కాలంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ నల్లరేగడి కొనుక్కున్న కుటుంబం మాది. చేను దాటితే వాగు, వాగు దాటితే తాండా, తాండా వెనక అడవి. సంక్రాంతి దాటాక కాయ పండుతుంది. అప్పుడు తాండా నుంచి పదకొండు మంది ఆడవాళ్లు కోతకు వస్తారు. ఆ ముఠాకి పెద్ద పూలి.

వాళ్లు మునుం పట్టి కోస్తారు. అందరూ గట్టు దగ్గర వరసగా నిలబడి, మనిషికొక సాలు తీసుకుని, ఒక్కసారిగా కదులుతారు. వరస చెదరకూడదు. ఒకరు ముందుకు ఉరికినా, ఒకరు వెనకబడినా మునుం చెడిందంటారు. ఎడమ గట్టు పక్క మొదటి సాలు పట్టిన మనిషిని చూసి మిగతావాళ్లు నడుస్తారు. ఎప్పుడు నీళ్లు తాగాలో, ఎప్పుడు నడుం వాల్చాలో ఆమే చెప్పాలి. పద్దెనిమిదేళ్లుగా మా చేలో ఆ మొదటి సాలు పూలిది.

ఒకప్పుడు ఆమె చేయి చూడాలి. రెండు చేతులా కోసి ఒడిలో వేస్తుంటే కొమ్మ కదిలేది కాదు. వెనకబడిన వాళ్లను ఊరుకునేదీ కాదు. "ఏందే మోతీ, కాయలు తెంపుతున్నవా, కాయలకు మొక్కుతున్నవా?" అని అరిచేది. మోతీ ఆమె తోడికోడలు. ఆమె ఏదో గొణిగేది, మిగతావాళ్లు నవ్వేవాళ్లు, మునుం మళ్లీ తిన్నగా అయ్యేది.

నాలుగేళ్ల క్రితం ఆ చేయి నెమ్మదించింది. మొదట భుజాలన్నది. తర్వాత మెడ, నడుం, మోకాళ్లు, చివరికి అరికాళ్లు. "యాడ నొస్తుంది పూలీ?" అని అడిగితే, "యాడ నొస్తలేదో అడుగు అక్కా, అది జల్దీ చెప్త," అనేది. మనవడు వచ్చి ఒళ్లో వాలినా ఒళ్లంతా పచ్చిపుండులా ఉంటోందని, రాత్రి నిద్ర లేదని, తెల్లారి లేస్తే ఎవరో కొట్టి పడేసినట్టుంటోందని చెప్పేది. ఉండుండి ఒంట్లోంచి సెగ లేస్తోందని కూడా అన్నది. దానికి నేనేమన్నానో నాకు గుర్తుంది. "మిర్చిలో పనిచేసేదానికి ఒళ్లు మండక చలువ చేస్తుందా?" అన్నాను. నేనే కాదు, తాండాలో అందరూ అదే అన్నారు. ఏడాదికి నాలుగు నెలలు కారంలో బతికేవాళ్లం, సెగ కొత్త కాదు మాకు. ఆమె కూడా అదే నిజమనుకుంది.

భర్త హాతీరాం ఆమెను తిప్పని చోటు లేదు. సూదులు, సెలైన్లు, బలం గోళీలు అన్నీ అయ్యాయి. రెండేళ్ల క్రితం ఖమ్మం దవాఖానాలో ఒక డాక్టరు పరీక్షలన్నీ చేయించి, దీన్ని ఫైబ్రోమయాల్జియా అంటారని, ఒళ్లంతా నొప్పి ఉంటుంది గానీ ఎక్స్‌రేలో కనపడదని చెప్పి, రాత్రిపూట వేసుకునే గోళీ రాసిచ్చి, రోజూ నడవమన్నాడు. కొంత తేరుకుంది. నొప్పి రూపాయి అనుకుంటే పాతిక పైసలో ముప్పై పైసలో తగ్గిందని తనే లెక్క చెప్పేది. అక్కడితో ఆగిపోయింది.

ఎక్స్‌రేలో కనపడని నొప్పి నాకూ కనపడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నదిట అని, ఆమె వినేలాగే అన్నాను. పైగా గట్టు మీద కూర్చునే నాకు ఇంకొకటి కనపడింది. పూలి పక్క సాలు జంపక్కది. వయసులో పూలికంటే పెద్దది, నోట్లో తంబాకు, మాట తక్కువ. ఆ జంపక్క తన సాలు కోస్తూనే చేయి చాచి పూలి ముందున్న చెట్లకు నాలుగు కాయలు కోసి తన ఒడిలో వేసుకుంటోంది. పూలి తల వంచుకుని వచ్చేసరికి ఆ చెట్టుకి కాయ సగమే ఉంటుంది. పూలి తను మునుంతో సమానంగా నడుస్తున్నాననుకుంటోంది. నీళ్లకు లేచినప్పుడు మోతీ కూడా అదే పని చేయడం చూశాను. ఎవరూ ఎవరితో చెప్పుకోలేదు. నాలుగేళ్ల కోతలు అలాగే నడిచాయి.

నాకు కోపం వచ్చింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కోపం ఎందుకో అర్థం కాదు. పోయిన మార్చిలో ఆఖరి కోత రోజున పూలిని పిలిచి, "వచ్చే ఏడు మొదటి సాలు మోతీకి ఇస్తాను. నువ్వు కల్లంలో తాలుకాయ ఏరుకుందువు గానీ," అన్నాను.

కల్లంలో తాలుకాయ ఏరడం ముసలివాళ్ల పని. పూలికి నలభై మూడేళ్లు. తల వంచుకుని ఒడి గుడ్డ విప్పింది, దులిపింది, మడిచింది. అప్పుడు చెప్పింది.

"కూలి కోసం కాదక్కా. ఆ సాలు మీద నిలబడితే నేను పూలిని. కల్లంల కూసుంటే ఎవల్ని నేను? ఇంకొక్కసారి ఖమ్మం వోయి సూపిచ్చుకుంట. జనవరి దాంక నా సాలు ఎవ్వలకియ్యకు."

"సరే, జనవరి దాకా," అన్నాను.

ఏప్రిల్‌లో మిర్చి యార్డు పని మీద మేం కారులో ఖమ్మం వెళ్తుంటే, హాతీరాంకి వీలుకాక పూలి ఒక్కతే బస్సుకు నిలబడి ఉంది. ఎక్కించుకున్నాను. జాలితో అనుకునేరు. ఈమెకు ఏ రోగమూ లేదని డాక్టరు నోటితో చెప్తుంటే నా చెవులతో వినాలనిపించింది. ఉదయ్ యార్డుకి వెళ్లారు, నేను ఆమెతో దవాఖానాలో కూర్చున్నాను.

పాత డాక్టరు బదిలీ అయి వెళ్లిపోయాడట. ఆ గదిలో ఒక లేడీ డాక్టరు ఉంది. ముప్పై అయిదేళ్లుంటాయేమో, పేరు ఉషారాణి. పూలి యూరియా సంచితో కుట్టిన చేతిసంచిలోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ఒక్కొక్కటీ చదివింది. చదవడం అయ్యాక పూలి చేతి మీది పచ్చబొట్లు చూసి, "యాడీ" అని పిలిచింది. వాళ్ల భాషలో అమ్మ అని అర్థం. పూలి ఉలిక్కిపడింది. ఆ గదిలో తన భాష వినపడుతుందని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. పూలి మొహం కొద్దికొద్దిగా మారడం నాకు తెలుస్తోంది గానీ మాట తెలియడం లేదు. తర్వాత డాక్టరమ్మ నా కోసం తెలుగులోకి వచ్చింది.

"ఇది కాళ్లు చేతుల సంచి. కడుపు సంచి ఏది యాడీ?"

పూలి నా వైపు చూసింది, తలుపు వైపు చూసింది. "ఇంటికాడ పెట్టెల ఉంది," అన్నది చిన్నగా. "గిది ఒళ్లు నొప్పుల దవాఖానా గదా. దానితోని దీనికేం పని?"

"మా అమ్మ కూడ గట్లనే దాచింది," అన్నది డాక్టరమ్మ. "అద్దాలు కుట్టిన సంచిల, పెండ్లి లంగా కింద. మా నాయినకు సుత చూపియ్యలే. నేను డాక్టర్ చదువుల మూడో యేడుకు వచ్చినంక నాకు దొరికింది."

తాండా ఆడవాళ్ల పద్ధతి నాకు అప్పుడు తెలిసింది. కాళ్లు చేతుల కాగితాలు ఒక సంచిలో, అది ఎవరైనా మోయవచ్చు. కడుపు కాగితాలు ఇంకో సంచిలో, అది మగవాడి ముందు విప్పకూడదు. పూలిని తిప్పింది హాతీరాం, చూసింది మగ డాక్టర్లు. ఏ రోగానికి ఆ సంచి అనుకుంది, ఆ రెండో సంచి పన్నెండేళ్లుగా పెట్టె అడుగునే ఉండిపోయింది. గర్భసంచి ఆపరేషను మాట ఆమె దాచిందని కాదు. తాండాలో నడి వయసు ఆడవాళ్లలో సగం మందికి అయింది. అందరికీ అయినదాన్ని రోగం కింద ఎవరు చెప్తారు?

వారం తర్వాత మళ్లీ వెళ్లాం. ఈసారి నేనే రమ్మన్నాను. ఎర్రగుడ్డ మీద అద్దాలు, గవ్వలు కుట్టిన సంచి. పూలి దాన్ని బల్ల మీద విప్పింది. లోపల ఒక నర్సింగ్ హోం కాగితాలు. ముప్పై ఒకటో ఏట కడుపులో నొప్పి, ఎర్రబట్ట ఎక్కువవుతోందని వెళ్తే, ఇద్దరు పిల్లలున్నారు కదా, ఇక దీనితో పనేముంది, ఉంచితే క్యాన్సరవుతుందని భయపెట్టి ఆపరేషన్ చేశారు. డాక్టరమ్మ ఒక వరస దగ్గర వేలు ఆపింది.

"గర్భసంచి ఒక్కటే తీసిండ్రని నీకు చెప్పిండ్రు గద? రెండు దిక్కుల అండాశయాలు కూడ తీసేసిండ్రు. చేలకు నీళ్లు పెట్టే మోటరు పీకేసినట్టు. ఆడోళ్లకు యాభై ఏండ్ల దాంక ఒంట్ల ఊరాల్సిన హార్మోన్ నీకు ముప్పై ఒకటికే ఆగిపోయింది. నీకు లేస్తున్న సెగ మిర్చి సెగ కాదు యాడీ."

పూలి ఏడవలేదు. నేను ఏడ్చాను. నాకు నలభై తొమ్మిదేళ్లు. ఈ మధ్యే రెండు మూడు నెలలుగా అర్ధరాత్రి సెగ లేచి కూర్చుని, ఏసీ పెంచమని ఉదయ్‌ని తిడుతున్నదాన్ని. ఆ సెగతో ఆమె పన్నెండేళ్లు మా చేలో ఎండలో నిలబడింది. దాని మీద నేను వేళాకోళం చేశాను. పుండు మీద కారం చల్లడమంటే అదే. పేరుకు కారం పండించేదాన్ని, చల్లడం కూడా నేర్చుకున్నాను.

డాక్టరమ్మ తొందరపడలేదు. రక్తపోటు చూసింది, రొమ్ము పరీక్ష చేయించింది, ఎముకల స్కాన్ తీయించింది, కాళ్లలో రక్తం గడ్డలు ఎప్పుడైనా కట్టాయా, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అని అడిగింది. ఆడవాళ్ల జబ్బులు చూసే ఇంకో డాక్టరుతో కూడా మాట్లాడింది. మే నెలలో ఒక జెల్ రాసిచ్చింది. రోజూ స్నానం చేశాక తొడ మీద పలచగా రాసుకుని ఆరనివ్వాలి.

"ఒక మాట చెప్త, మంచిగ విను," అన్నది. "ఇది నొప్పుల మందు కాదు. నీ ఒంట్ల లేకుండ పోయిందాన్ని మళ్ల ఇస్తున్నం. ఎముకలకు, గుండెకు ఇది నీకు కావాలె. నొప్పులు కొందరికి తగ్గుతయ్, కొందరికి తగ్గవు. నీకు తగ్గుతయని నేను మాటియ్యను. రాత్రి గోళీ ఆపొద్దు, నడక ఆపొద్దు. ఇది వాటికి తోడు, అంతే."

"నువ్వు అడిగినవ్ గద బిడ్డా," అన్నది పూలి. "తగ్గకున్న మంచిదే. ఇన్నేండ్లల్ల గా సంచి అడిగినోళ్లు లేరు."

జెల్ తాండాలో పెద్ద గొడవే తెచ్చింది. జంపక్క ఒకరోజు వచ్చి మోకాలు చాపుకుని కూర్చుని, "నాకింత రుద్దవే, నువ్వొక్కదానివే రుద్దుకుంటవా," అన్నది. నొప్పులకు రుద్దే బామ్ అనుకుంది. పూలి డబ్బా వెనక్కి లాక్కుంది. "ఇది మోకాలికి కాదు జంపక్కా, పీకేసినదాని బదులు ఇచ్చింది. నీ అద్దాల సంచి తీసుకొని రా, డాక్టరమ్మ చదివి చెప్తది," అన్నది. జంపక్క ఆ సంచి మాట వినగానే కొంగు నెత్తి మీదకి లాక్కుని వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత తెచ్చింది. ఆమె వయసు దాటిపోయింది, ఆమెకు జెల్ రాయలేదు, ఎముకలకు వేరే మందు ఇచ్చారు. మోతీకి మాత్రం అండాశయాలు ఉన్నాయని తేలింది. ఆ రోజు మోతీ వాగు దగ్గర అందరికీ బెల్లం పంచిపెట్టింది.

పూలికి మొదట వచ్చింది నిద్ర. జూన్ ఆఖరున సెగ తగ్గింది. రాత్రి పడుకుంటే కోడి కూసేదాకా లేవలేదని హాతీరాం మా ఇంటికొచ్చి మరీ చెప్పాడు, కొడుకు పుట్టినట్టు. నొప్పులు మొండివి. జులైలో ఏం తేడా లేదు. ఆగస్టులో ఒక వారం బాగుండి, మళ్లీ ఒక వారం మంచం పట్టింది. నేను దిగులుపడ్డాను, ఆమె పడలేదు. పొద్దున్నే వాగు గట్టు మీద నడిచేది, నడిచొచ్చి మా గేటు ముందు ఆగి, సగం తగ్గితే "ఇయ్యాల ఆఠాణా," లేకపోతే "ఇయ్యాల పది పైసలే," అని చెప్పిపోయేది. దసరా దాటాక ఆఠాణాలు ఎక్కువయ్యాయి. దీపావళి తర్వాత ఒకరోజు మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. వాణ్ణి ఎత్తుకుని నాలుగేళ్లయిందట. ఏం పైసలూ చెప్పలేదు, వాణ్ణి నాకు చూపించి వెళ్లిపోయింది.

ఇది ఆ జెల్ ఒక్కదాని మహిమేనా అని డాక్టరమ్మను అడిగాను. "నిద్ర, నడక, గోళీ, జెల్ అన్నీ కలిసినయ్ మేడమ్. ఏది ఎంతనో నేను చెప్పలేను," అన్నది. నాకు ఆ జవాబు నచ్చింది. తెలియనిదాన్ని తెలియదనే నోరు నాకు లేదు.

జనవరి వచ్చింది. మొదటి కోత. మంచు ఇంకా ఆకుల మీదే ఉంది. పదకొండు మంది గట్టు దగ్గర ఒడి గుడ్డలు కట్టుకుంటున్నారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. పూలి వచ్చి ఎడమ గట్టు పక్క మొదటి సాలులో నిలబడింది. మోతీ తనంతట తానే మూడో సాలుకి జరిగింది. మునుం కదిలింది.

వేగం పాత వేగం కాదు. వంద అడుగులు వెళ్లాక పూలి భుజం ఒకసారి పట్టుకుని నిలబడింది. వెంటనే పక్క సాలులోంచి జంపక్క చేయి చాచింది. నాలుగేళ్ల అలవాటు.

"నా సాలు ముట్టకు జంపక్కా," అన్నది పూలి, తల ఎత్తకుండా. "ఇయ్యాల నేనే తెంపుత."

మునుం ఆగిపోయింది. జంపక్క చాచిన చేయి చాచినట్టే ఉంది. "నీకెరికేనా?" అన్నది.

"అవ్. మొదటి దినం నుంచి ఎరికే. నా ముందట చెట్లకు కాయలు యాడికి పోతున్నయో నాకు తెల్వదా?"

"మరి ఒక్కనాడన్న అడగకపోతివి!"

"అడిగితే సిగ్గుపడి ఆపేస్తరు. మీరు ఆపేస్తే నా సాలు పోతది. గందుకే తల వంచుకొని తెంపిన. నాలుగేండ్లు నన్ను నిలబెట్టిండ్రు జంపక్కా." అద్దాల సంచి విప్పినప్పుడు రాని ఏడుపు ఇప్పుడొచ్చింది. మోతీ ముక్కు చీదింది. జంపక్క తంబాకు ఉమ్మి, "నడువు నడువు, పొద్దెక్కుతుంది," అన్నది.

గట్టు మీద నాకు కూర్చోబుద్ధి కాలేదు. "పూలీ, నేనన్న మాటలు కూడా విన్నావా?" అని అడిగాను.

"ఇన్న అక్కా. నువ్వేమన్న మెల్లగ మాట్లాడుతవా?" అన్నది. అందరూ పకపకా నవ్వారు. తర్వాత అదే ఊపులో, "తిట్టినవ్, కారుల తీసుకపోయినవ్. నాకు రెండూ యాదున్నయ్," అన్నది.

చెప్పులు గట్టు మీద వదిలేసి చేలోకి దిగాను. ఒడి కట్టడం నాకు రాలేదు, మోతీ కట్టింది. అందరూ ఒక్కో సాలు జరిగి, పూలికీ జంపక్కకీ మధ్య నాకొక సాలు ఇచ్చారు. ఇన్నేళ్లుగా కోత చూస్తున్నదాన్ని, ఏముందిలే అనుకున్నాను. పది చెట్లకే వేళ్లు మండాయి. ఇరవై చెట్లకు నడుం పట్టేసింది. మునుం నన్ను దాటిపోకూడదని పంతం. తల వంచుకుని, కొమ్మ విరగకుండా, గబగబా కోస్తున్నాను.

కాసేపటికి పని తేలికైంది. ఫరవాలేదు, చేయి తిరిగింది అనుకుని సంతోషపడ్డాను. తర్వాత ఎందుకో ముందున్న చెట్లు చూశాను. ఎడమవైపు కొమ్మలకు పండుకాయ ఒక్కటి లేదు. పూలి తన సాలులో తను తల వంచుకుని కోసుకుపోతోంది, ఏమీ ఎరగనట్టు.

నేనూ అడగలేదు. తల వంచుకుని కుడివైపు కాయలు కోసుకుంటూ మునుంతో పాటు నడిచాను.